అడ్డ దూలము అడ్డు కాదు

(మహాకుంభాభిషేక సందర్భమున ఆలయ ప్రధానార్చకులు భక్తుల సమక్షమున చేసిన ప్రసంగ పాఠము)

  

   

కుంభాభిషేక వేళ అర్చకుడు స్వామి వైభవమును గూర్చియో, క్షేత్ర మాహాత్మ్యమును గూర్చియో మాట్లాడుట సంప్రదాయము. నేడు నేను మాత్రము మన క్రొత్త ముఖమండపమునందలి ఉక్కు దూలములను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. అందులకు కారణము కలదు.

మండపమునకు తూర్పు అంచున, బయటి దూలమునకును లోపలి దూలమునకును నడుమ, 2 మీటర్ల వెడల్పున వెలుతురు కొరకు అద్దపు కప్పు వేసినారు. ఆ అద్దములో నుండి రాజగోపుర కలశములు కనబడును. అయితే ఆ చోటనే రెండు అడ్డ దూలములు ఉన్నవి. "అయ్యగారూ, స్తంభములు లేకుండ ఇంత విశాలముగ కట్టించినారు గదా, కలశ దర్శనమునకు అడ్డుగ ఆ రెండు దూలములు ఎందులకు? తీయించి వేయరాదా?" అని పలువురు అడుగుచున్నారు. తీయించుటకు అగు వ్యయమును తామే భరింతుమని ఒక దాతగారు సెలవిచ్చినారు. ధర్మకర్తల మండలివారు త్వరలో ఈ విషయమును ఆలోచింపనున్నారు. భక్తితో అడిగిన మాటకు వివరముతో కూడిన సమాధానము చెప్పుట ఉచితము. నేను వేదపాఠశాలలో చదివిన వాడనే గాని గణితము నా విద్య కాదు. నిర్మాణపు ఇంజనీరుగారు ఓపికతో బోధింపగా, కాగితముపై లెక్క వేయించి చూపగా గ్రహించిన దానినే మీకు నివేదించుచున్నాను.

మన పూర్వుల మండపములలో స్తంభములు దగ్గర దగ్గరగ ఎందుకు ఉండును? రాయి నొక్కుడుకు మిక్కిలి గట్టిది, లాగుడుకు బలహీనము. దూలముపై బరువు పడినప్పుడు అది కొంచెము వంగును. వంగినప్పుడు దాని పైభాగము నొక్కుకొనును, క్రిందిభాగము లాగబడును. రాతి దూలము పొడవైనచో క్రింది వైపున పగులును. అందుచేత స్థపతులు పొట్టి దూలములు వేసి, స్తంభములను చేరువ చేసినారు. వెనుక నిలిచిన భక్తునకు స్తంభము చాటున స్వామి కనబడుట లేదను కొరత అప్పటి నుండి ఉన్నదే. ఉక్కు నొక్కుడును, లాగుడును సమానముగ ఓర్చుకొనును. కనుక ఈ మండపమున 9 మీటర్ల దూరము స్తంభము లేకుండ దాటగలిగినాము. ఆలయమున ఇనుము వాడుట అపచారమేమో అని శంకించు వారు కోణార్క సూర్యదేవాలయమును స్మరింపవలెను. 13వ శతాబ్దినాటి ఆ నిర్మాణమునకు చెందిన ఇనుప దూలములను నేటికిని అక్కడ చూడవచ్చును.

ఇప్పుడు ఉక్కు దూలము రూపమును గమనింపుడు. అడ్డముగ కోసి చూచినచో ఆంగ్లములోని 'ఐ' అక్షరము వలె ఉండును. పైన ఒక వెడల్పు పట్టీ, క్రింద ఒక వెడల్పు పట్టీ, రెంటిని కలుపుచు నడుమ పలుచని నిలువు పలక. వంగుడును అడ్డుకొనుటకు లోహము ఎక్కువగ కావలసినది పై కొసన, క్రింది కొసన కనుక, లోహమును అక్కడ చేర్చి నడుమ తగ్గించినారు. తక్కువ ఉక్కుతో ఎక్కువ బలము! ఇది గొప్ప ఉపాయము. కాని ప్రతి గుణము వెంట ఒక దోషము ఉండును గదా. ఈ ఆకారము వంగుడుకు ఎంత గట్టిదో, మెలికి అంత మెత్తనిది.

మెలి యనగా ఏమి? తడిగుడ్డను పిండునప్పుడు ఒక కొనను ఇటు, ఒక కొనను అటు త్రిప్పుదుము. అదియే మెలి. ఒక వెదురు బొంగును రెండు చేతులతో పట్టి మెలిపెట్టి చూడుడు, కదలదు. అదే బొంగును పొడవునా ఒక చీలిక చీల్చి మరల మెలిపెట్టుడు, చేతిలోనే తిరిగిపోవును. తీసినది ఏమియు లేదు, చీల్చినది ఒక గీత మాత్రమే. ఇంజనీరుగారు దీనికి లెక్క చెప్పినారు. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధము, 1 సెంటీమీటరు మందము గల ఉక్కు గొట్టమును పొడవునా చీల్చినచో, మెలిని అడ్డుకొను దాని శక్తి రమారమి 300వ వంతునకు పడిపోవును. మూసిన ఆకారము మెలికి బలిష్ఠము, తెరచిన ఆకారము దుర్బలము. 'ఐ' దూలము తెరచిన ఆకారమే.

ఈ మెలి శాస్త్రమునకు పునాది వేసినవారు ఫ్రాన్సు దేశీయులైన సెయింట్ వెనెంట్. 1855లో ప్రకటింపబడిన వారి ప్రసిద్ధ గ్రంథభాగము, గుండ్రనివి కాని కడ్డీలు మెలిపడునప్పుడు వాని అడ్డకోత చదునుగ నిలువదని, వంకర తిరుగునని నిరూపించినది. 'ఐ' దూలము మెలిపడునప్పుడు పై పట్టీ ఒక ప్రక్కకును, క్రింది పట్టీ వేరొక ప్రక్కకును వంగును. ఆ పట్టీల ప్రక్కవంగుడు కూడ మెలిని కొంత అడ్డుకొనునని 1905 ప్రాంతమున తిమోషెంకో అను పండితుడు వివరించినారు. కావున దూలమునకు మెలిని ఎదుర్కొను శక్తులు రెండు. ఒకటి లోహము సహజముగ చూపు బిగువు, రెండవది పట్టీలు ప్రక్కకు వంగక చూపు బిగువు. ఈ రెండవది దూలము పొట్టిదైన కొలది మిక్కిలి పెరుగును. ఈ మాటను గుర్తుంచుకొనుడు.

ఇక మన తూర్పు దూలము సంగతి. దీనికి బయటి వైపున ఒక మీటరు వెడల్పున కాంక్రీటు చూరు ఉన్నది. వానకు తడవకుండ భక్తులు నిలుచుటకు కట్టినది. లోపలి వైపున తేలికైన అద్దము తప్ప బరువు లేదు. కావడి మోయువాడు రెండు వైపుల సమానముగ బరువు కట్టుకొనును. ఒక్క వైపు కుండ మాత్రమే ఉన్నచో భుజముపై కావడి నిలుచునా? తిరిగిపోవును. మన దూలము ఒంటిప్రక్క కావడి మోయుచున్నది.

పూర్వపు శిల్పులకు ఈ చిక్కు తెలియనిది కాదు. రాతి చూరు పలకను బయటికి ఎంత చాపిరో, దాని తోకను అంతకు తగినట్లు లోపలికి నడిపి, దానిపై కట్టుబడి బరువు పెట్టినారు. లోపలి బరువు బయటి బరువును పట్టి ఉంచును. మనము లోపలి వైపు వెలుతురు కోరి అద్దము పెట్టితిమి. అందుచేత ఆ తోకబరువు లేకపోయినది. దానికి బదులుగ ఏదో ఒకటి ఉండవలెను గదా. అదియే ఈ అడ్డ దూలముల జంట.

లెక్క చిన్నది, వినుడు. చూరు బరువు, పైన చేరు వాననీరు, మరమ్మతుకు ఎక్కు మనుషులు అన్నియు కలిపి దూలపు ప్రతి మీటరుకు 400 కిలోలు అనుకొందము. ఆ బరువు దూలపు నడిమికి అర మీటరు దూరమున నిలుచును. 400ను అరతో గుణింపగా 200. ఈ కొలతను కిలోమీటరు అన్నచో దారి కొలత యని భ్రమపడుదురు గనుక, మెలిపాళ్లు అందము. ప్రతి మీటరుకు 200 పాళ్లు, 9 మీటర్లకు 1800 పాళ్లు. నడుమ పట్టు ఏదియు లేనిచో రెండు కొనలయందలి స్తంభములు చెరి 900 పాళ్లు భరింపవలెను. దూలము నడిమి భాగము అంతకంతకు బయటికి ఒరగును.

ఇప్పుడు ప్రతి 3 మీటర్లకు ఒక్కటి చొప్పున రెండు అడ్డ దూలములు బిగించితిమి. 9 మీటర్ల దూలము మెలి విషయమున మూడు పొట్టి దూలములైనది. ఒక్కొక్క భాగమునకు 600 పాళ్లు, దాని చెరొక కొనకు 300 పాళ్లు. 900 పోయి 300 అయినది. ఇది బలము సంగతి. తిరుగుడు ఇంకను ఎక్కువగ తగ్గును. లోహపు సహజమైన బిగువును మాత్రమే లెక్కించినచో పొడవు మూడవ వంతు అయినప్పుడు తిరుగుడు 9వ వంతునకు దిగును. పట్టీల ప్రక్కబిగువును మాత్రమే లెక్కించినచో 81వ వంతునకు దిగును. నిజమైన దూలములో రెండు బిగువులును కలిసి పనిచేయును. ఇప్పుడు చెప్పుడు, ఆ రెండు ముక్కలు తీసినచో మనకు దక్కునది కలశము యొక్క అర భాగపు దర్శనము. పోవునది ఎంత?

"మరి ఆ మెలి ఎక్కడికి పోయినది?" అని ఒక చిరంజీవి నన్ను అడిగినాడు. మంచి ప్రశ్న. భారము మాయము కాదు, చేతులు మారును. వాహనసేవను తలచుకొనుడు. వాహనమునకు రెండు పొడవైన మోతకర్రలు, వానిని కలుపుచు అడ్డకర్రలు ఉండును. స్వామివారు ఒక ప్రక్కకు ఒరిగినచో ఆ వైపు బోయీల భుజముపై బరువు పెరుగును, రెండవ వైపున తగ్గును. అడ్డకర్రలు గట్టిగ ఉన్నంత కాలము కర్ర తనంత తాను దొర్లదు. ఇక్కడను అంతే. ఒక్కొక్క అడ్డ దూలము రెండు ప్రక్కల నుండి 300 చొప్పున 600 పాళ్లు అందుకొనును. లోపలి దూలము 2 మీటర్ల దూరమున ఉన్నది. 600ను 2తో భాగింపగా 300. అనగా బయటి దూలముపై ఆ చోట 300 కిలోలు అదనముగ క్రిందికి నొక్కును, లోపలి దూలమును 300 కిలోలు పైకి ఎత్తును. లోపలి దూలమునకు మండపపు కప్పు బరువు చాల ఉన్నది కనుక అది ఆ ఎత్తుడును సులభముగ ఓర్చుకొనును. తిప్పు శక్తిని ఈ విధముగ నిలువు బరువుగ మార్చినారు. నిలువు బరువును మోయుటయే 'ఐ' దూలమునకు స్వధర్మము.

ఈ అడ్డ దూలములకు రెండవ ఉపకారము కూడ కలదు. పలుచని చెక్క బద్దను అంచుమీద నిలువుగ నిలిపి పైనుండి నొక్కి చూడుడు. అది విరుగక ముందే ప్రక్కకు తిరిగి పడును. పొడవైన ఉక్కు దూలమును నడిమి పలక మీదుగ తిన్నగ నొక్కినను ఇదే అపాయము పొంచి ఉండును. నొక్కుకొను పై పట్టీ ప్రక్కకు జారి, దూలము మొత్తము మెలిపడును. దీనిని 1899లో జర్మనీలో ప్రాంట్‌ల్, ఆస్ట్రేలియాలో మిచెల్ వేర్వేరుగ గణితముతో నిరూపించినారు. ఆశ్చర్యమేమనగా, ఈ ప్రక్కజారుడును ఆపుటకు పెద్ద బలము అక్కర లేదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జార్జి వింటర్ 1958లో దీనిని వివరించినారు. పట్టీలోని నొక్కుడు బలములో నూటికి రెండు పాళ్ల వంటి చిన్న బలముతో పట్టుకొన్నను చాలును, అయితే పట్టు వదులు కారాదు. బలము కొంచెము, బిగువు ముఖ్యము. బోల్టు వదులైన అడ్డ దూలము కంటికి ఉండును, పనికి ఉండదు.

పట్టుకొను తీరు కూడ ముఖ్యమే. క్రింది పట్టీని మాత్రమే పట్టి, పై పట్టీని వదలినచో దూలము పైన తిరుగుచునే ఉండును. అందుచేత మన అడ్డ దూలము కొనల యందు పై పట్టీ నుండి క్రింది పట్టీ వరకు నిలువు పలకలు వెల్డింగు చేసినారు. మీరు "ఇవి అందవిహీనముగ ఉన్నవి" అని అనుచున్న పలకలు అవియే.

ఇది పుస్తకపు భయము మాత్రమే యని తలపవలదు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున మార్సీ అను చోట 2002 అక్టోబరు 10న, కట్టుచున్న పాదచారుల వంతెన ఒకటి కూలినది. పొడవు సుమారు 52 మీటర్లు. దాని ఉక్కు దూలము తొట్టె ఆకారమున పైన తెరచి ఉండును. పైన కాంక్రీటు పోసి గట్టిపడిన తరువాత అది మూసిన పెట్టె అగును. కాంక్రీటు పోయుచుండగనే, ఇంకను గట్టిపడక ముందే, దూలము మెలి తిరిగి పడిపోయినది. ఒక కార్మికుడు ప్రాణము విడిచినాడు, తొమ్మండుగురు గాయపడినారు. తొట్టె లోపల అక్కడక్కడ చట్రములు ఉన్నవి గాని, పై అంచులను పొడవునా కలిపి కట్టు బ్రేసింగు లేకపోయినది. చీల్చిన వెదురు కథయే ఇది.

మంచి కథ కూడ ఒకటి చెప్పవలెను. తెలుగు బిడ్డలు పలువురు నివసించు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున 1937లో గోల్డెన్ గేట్ వంతెన ప్రారంభమైనది. దానికి రెండు ప్రక్కల ఉక్కు అల్లికలు, పైన వానిని కలుపు కట్టు ఉన్నవి. క్రింద కట్టు లేదు. 1940 నవంబరు 7న, అదే దేశమున టకోమా వంతెన ప్రారంభమైన నాలుగు నెలలకే గాలికి మెలికలు తిరిగి కూలినది. 1951 డిసెంబరు 1న గాలివానలో గోల్డెన్ గేట్ వంతెన కూడ మిక్కిలి ఊగినది. పెద్దలు మేల్కొని 1953–54లో రెండు అల్లికల క్రింది భాగములను కలుపుచు బ్రేసింగు వేయించినారు. తెరచినది మూతపడినది, మెలిబిగువు పెరిగినది. ఆ వంతెన నేటికిని నిలిచి ఉన్నది. దానిని చూడ వచ్చు లక్షలాది మందిలో క్రింది బ్రేసింగును చూడవలెనని వచ్చువారు ఎందరు?

"ప్రత్యామ్నాయము లేదా?" అని అడుగుదురు. కలదు. బయటి దూలమును 'ఐ' ఆకారమున గాక మూసిన పెట్టె ఆకారమున వేసి, దాని రెండు కొనలను మెలికి తగినట్లు స్తంభములకు బిగించినచో అడ్డ దూలములు అక్కరలేక పోవచ్చును. కాని అందులకు చూరును పగులగొట్టవలెను, అద్దము విప్పవలెను, దూలమును దింపవలెను. దాతల ధనముతో ఇప్పుడే పూర్తియైన పనిని మరల విప్పుట నాకు సమంజసముగ తోచలేదు. అడ్డ దూలములకు గోపురపు వన్నె రంగు వేసినచో చాలునని నా మనవి. సిమెంటు పద్మములు, బొమ్మలు అతికింపవలదు. అవి మరల బరువే అగును.

దాతలకును, రాబోవు తరముల ధర్మకర్తలకును మరికొన్ని విన్నపములు చేయుచున్నాను. మొదటిది, పెద్ద గంటను దూలపు పట్టీ అంచుకు వ్రేలాడదీయవలదు. ఒక భక్తుని కానుకగ వచ్చు గంట ఎంత ఘనమైనదైనను అంచుకు వ్రేలాడినచో మరియొక ఒంటిప్రక్క కావడి అగును. రెండవది, ఊంజల సేవకు ఉయ్యాల కొక్కెములు ఎక్కడ పెట్టవలెనో ఇంజనీరుగారు గుర్తు పెట్టిన చోటనే పెట్టవలెను. ఊగు బరువు నిలిచిన బరువు వంటిది కాదు. మూడవది, విద్యుత్ తీగల కొరకో, చల్లని యంత్రముల గొట్టముల కొరకో అడ్డ దూలమును కోయుట, రంధ్రము పొడుచుట ఎంత మాత్రము కూడదు. నాలుగవది, ప్రతి సంవత్సరము బ్రహ్మోత్సవములకు ముందు బోల్టుల బిగువును, తుప్పును, రంగును నిపుణునిచే చూపింపవలెను. ఐదవది, మండపపు నక్షాలను, లెక్కల ప్రతిని ఆలయపు భద్రపు పెట్టెలో ఆభరణముల జాబితాతో పాటు ఉంచవలెను. యాభై ఏండ్ల తరువాత వచ్చు వారికి "ఇది ఎందుకు ఉన్నది?" అను ప్రశ్నకు ఉత్తరము దొరకవలెను. ఉత్తరము దొరకనిచో వారు కోసివేయుదురు.

విగ్రహమునకును పీఠమునకును నడుమ అష్టబంధనము వేసినాము. ఎనిమిది ద్రవ్యములను నూరి, దంచి, వెన్నవలె చేసి అమర్చిన ఆ బంధనము రేపటి నుండి ఎవరి కంటికిని పడదు. స్వామిని కదలనీయక పట్టి ఉంచునది అదియే. పండ్రెండేండ్లకు ఒకమారు దానిని పునరుద్ధరించుట ఆచారము. ఆనాడు ఈ దూలముల బంధనములను కూడ సమగ్రముగ పరీక్షింపవలెనని సంకల్పములో చేర్చుకొందము.

మేము వేదము చదువునప్పుడు మంత్రమును తిన్నగ చదివి ఊరకుండము. పదమును ముందు పదముతోను, వెనుక పదముతోను కలిపి, త్రిప్పి, మరల కలిపి చదువుదుము. క్రమము, జట, ఘనము అని దానికి పేర్లు. వినువారికి అది అనవసరపు పునరుక్తి వలె తోచును. కాని వేల ఏండ్ల పొడవున సాగిన వాక్కును ఒక్క స్వరమైనను మెలిపడకుండ కాపాడినది ఆ నడిమి కట్టులే. పొడవైనది ఏదియు రెండు కొనల బలముతో మాత్రమే తిన్నగ నిలువదు. నడుమ ఎవరో ఒకరు పట్టుకొనవలెను.

శిలాఫలకముపై దాతల పేర్లు చెక్కించినాము. అడ్డ దూలములకు వ్యయమైన ధనము ఎవరిదో ఆ ఫలకముపై వేరుగ వ్రాయలేదు. అది మీ అందరి కానుకల మొత్తములో కలిసి ఉన్నది. చూరు క్రింద వానకు ఒదిగి నిలిచిన బిడ్డ తల్లిని చూచినప్పుడెల్ల, ఆమె తలపై ఉన్న దూలము ఒరగకుండ పట్టినది తమ కానుకయే యని ప్రతి దాతయు భావింపవచ్చును. కలశ దర్శనము కోరువారు రెండడుగులు ప్రక్కకు జరిగి నిలుచుడు, పరిపూర్ణముగ దర్శనమగును. నేను నిలిచి చూచినాను.

ధర్మకర్తల మండలివారు ఈ విన్నపమును మన్నింతురని ఆశించుచు, ఈ మండపము తరతరముల భక్తులకు నీడనిచ్చునట్లు స్వామివారు అనుగ్రహింపవలెనని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.

శుభం భూయాత్.